ఆడపిల్లకు భూగోళమెందుకు?

గడచిన వేసవికి ముందటి వేసవిలో మా యింట సత్యనారాయణ వ్రతము జరిగినది. మా నివాసము హైదరాబాదునకు తూర్పున, విజయవాడకు పోవు రాజమార్గముపై నున్న బాటసింగారము. మావారు బడిపంతులు. నాటి వ్రతమునకు దిల్‌సుఖ్‌నగరు నుండి మా బావగారు కుటుంబముతో వచ్చియుండిరి. పురోహితులవారు మాచేత సంకల్పము చెప్పించుచు జంబూద్వీపమును, భరతవర్షమును, మేరువునకు దక్షిణపు దిక్కును దాటి శ్రీశైలము నొద్దకు వచ్చి, మనము ఆ క్షేత్రమునకు వాయవ్యమున నున్నామని పలికించిరి. బావగారి రెండవ కుమార్తె, అప్పుడే ఇంటర్మీడియెట్ పరీక్షలు వ్రాసి ఫలితములకై యెదురుచూచుచున్న పిల్ల, ఊరకుండలేక "అయ్యగారూ, మనము శ్రీశైలమునకు వాయవ్యముననున్నామా, ఉత్తరముననున్నామా?" అని అడిగెను.

మా తోడికోడలు కన్నెఱ్ఱ చేసినది. పురోహితులవారు మాత్రము నవ్వి, "మా తండ్రిగారు చెప్పినట్లు నేను చెప్పుచున్నానమ్మా. నీవు కనుగొని చెప్పినచో వచ్చేసారి అట్లే చెప్పింతును" అనిరి. తీర్థప్రసాదములు ముగియకముందే ఆ పిల్ల మావారి అట్లాసును, గీతబద్దను తెచ్చి నేలపై పఱచినది. మా ఊరినుండి శ్రీశైలమునకు దక్షిణముగా 130 కిలోమీటర్లకు పైగా కొలత వచ్చినది. తూర్పునకు జరుగవలసినది 20 కిలోమీటర్లయినను లేదు. కావున మేము ఇంచుమించు ఉత్తరముననే యున్నాము. పడమటికి ఒకింత ఒరిగియున్నామంతే. నగరమునకు పడమట నున్నవారికి వాయవ్యమని చెప్పుట కొంత నయము గాని, మాకు అంతగా అతకదు. పదునైదేండ్లుగా పండుగ పండుగకు ఆ మాట వినుచున్నాను. ఒక్కనాడైనను నాకీ సందేహము కలుగలేదు.

ఆ రాత్రి భోజనములయిన పిదప ఆ పిల్ల అసలు సంగతి బయటపెట్టినది. "చిన్నమ్మా, నేను డిగ్రీలో భూగోళశాస్త్రము తీసికొందును. నాన్నగారితో నీవు చెప్పవా?" అని నన్నడిగెను. నేను చెప్పకముందే బావగారు వినిరి. "రాజధానుల పేర్లు అప్పచెప్పినందుకు జీతమిచ్చువా రెవరమ్మా? ఆడపిల్లకు భూగోళ మెందుకు?" అనిరి. ఆయన కోపిష్ఠి కారు. కూతుళ్ళను చదివింపవలెనను కోరిక గలవారు. పెద్దమ్మాయి ఇంజనీరింగు చదివినది. అట్టివారే ఆ మాట యనుటచేత ఇంటిలో మఱి మాటాడువారు లేకపోయిరి.

నిజము చెప్పవలెనన్న, సోదరీమణులారా, నా మనసులోని మాటయు అదియే. నేను బడికి పోయి చదివినదానను కాను. మా తండ్రిగారు ఇంటనే నాకు అమరమును, కావ్యములను చెప్పిరి. భూగోళమన్న నాకు మావారి బడిలోని గోడపటము, పిల్లలు వల్లెవేయు నదుల పేర్లు, ఏ దేశమున ఏ పంట పండునో చెప్పు పట్టికలు. అవి తెలియుట మంచిదే. కాని మూడేండ్లు కూర్చుండి చదువుటకు అందేమున్నదని నేనును తలంచితిని. ఆ పిల్ల నా ముఖము చూచి కనిపెట్టినది. మఱునాడు దొడ్డిలో బియ్యము చెఱుగుచుండగా నాయొద్దకు వచ్చి కూర్చుండి, "చిన్నమ్మా, నీవు రామాయణము చదివితివి కదా. సుగ్రీవునికి భూమియంతయు ఎట్లు తెలిసెను?" అని అడిగెను.

చేట క్రింద పెట్టి ఆలోచించితిని. కిష్కింధాకాండమున సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకు పంపునప్పుడు ఒక్కొక్క దిక్కుననున్న పర్వతములను, నదులను, జనపదములను వరుసగా చెప్పును. విని శ్రీరాముడే ఆశ్చర్యపడి, ఇదియంతయు నీకెట్లు తెలిసినదని అడుగును. వాలి తఱుముచుండగా ప్రాణభయముతో భూమియంతయు తిరిగితిననియు, అందువలన తెలిసినదనియు సుగ్రీవుడు చెప్పును. ఆ ఘట్టము నేనెన్నిమారులు చదివితినో లెక్కలేదు. దానిని పుణ్యకథగా చదివితినే గాని, ఇది భూగోళ పాఠమని తోచలేదు. పాఱిపోవువానికి ఏ యేఱు దాటరానిదో, ఏ గుహలో నీరున్నదో, ఏ కొండకు వాలి రాజాలడో తెలిసియుండవలెను. పేర్ల పట్టిక వానిని కాపాడదు. ఎక్కడ ఏమున్నది, అది అక్కడనే యేల యున్నది, దానివలన మనకేమగును అను మూడు ప్రశ్నలు తెలిసినవాడు బ్రతుకును. ఈ మూడు ప్రశ్నలే ఆ శాస్త్రమని ఆ పిల్ల చెప్పినది. ఇంటర్మీడియెట్టులో దానికి ఒక మంచి అధ్యాపకురాలు దొరకినదట.

విశ్వవిద్యాలయములలో భూగోళశాస్త్రము రెండు కాళ్ళపై నడచును. ఒకటి ప్రకృతికి సంబంధించినది: రాళ్ళు, నేలలు, నదులు, గాలులు, వానలు. రెండవది మనుష్యులకు సంబంధించినది: ఊళ్ళు ఎక్కడ పుట్టినవి, జనులు ఎందుకు వలసపోవుదురు, సంతలు ఎక్కడ కూడును, నగరము ఎటు పెరుగును. ఈ రెంటికిని నడుమ పటములు గీయుట, చదువుట అను విద్య కలదు. గణాంకశాస్త్రము కొంత నేర్వవలెను. కంప్యూటరులో పటములు కూర్చుటయు, ఉపగ్రహములు తీసిన చిత్రములను చదువుటయు ఇప్పుడు తప్పనిసరి. కొన్నిచోట్ల ఇది బి.ఏ.లో చేరియుండును, కొన్నిచోట్ల బి.ఎస్సీ.లో. పైచదువు చదువువారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎమ్.ఎస్సీ. వఱకును, పరిశోధన వఱకును పోవచ్చును. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరముల పెరుగుదలను గూర్చి ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యులు షా మంజూర్ ఆలంగారు వ్రాసిన గ్రంథము 1965లో వెలువడినది. మనముండు నగరమే ఒక శాస్త్రగ్రంథమునకు విషయమగునని నాకప్పుడే తెలిసినది.

పటములు చదువుటను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు, ఏలయన నాకు ఎక్కువ ఆనందము కలిగించినది అదియే. భారత సర్వే శాఖవారి పటములలో గోధుమవన్నె గీతలు మెలికలు తిరిగియుండును. అవి బాటలు కావు, కాలువలు కావు. ఒకే యెత్తున నున్న తావులన్నిటిని కలుపు గీతలు. నాకు అర్థము కాకపోగా ఆ పిల్ల వంటింటినుండి గంజి గిన్నె తెచ్చినది. గంజి తగ్గినకొలదిని గిన్నెలోపల అంచు చుట్టును చాఱలు మిగులును గదా! ఒక్కొక్క చాఱ ఒక్కొక్క మట్టము. గిన్నె గోడ నిట్టనిలువుగా నున్నచోట పైనుండి చూచిన చాఱలు దగ్గఱగా నుండును; ఏటవాలుగా నున్నచోట ఎడమెడముగా నుండును. పటములోని గీతలు దగ్గఱయినచోట నిలువు గుట్ట, దూరమయినచోట చదునైన పొలము. దీనితో ఆ కాగితము నా కన్నులయెదుట లేచి నిలిచినది. రామోజీ ఫిలింసిటీ వైపు బండరాళ్ళ గుట్టలు, వాని నడుమ పల్లములు, పల్లములలో నీలివన్నె చెఱువులు అన్నియు కనబడినవి.

ఆ నీలివన్నె చెఱువులే తరువాత మా యింట పెద్ద గొడవకు కారణమైనవి. అది చెప్పుటకు ముందు మా ఊరి పండ్ల సంత సంగతి చెప్పవలెను.

దిల్‌సుఖ్‌నగరు ప్రక్కనే యున్న గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు నెఱుగని గృహిణి హైదరాబాదున లేదు. అంతకుముందు టోకు పండ్ల వ్యాపారము నగరపు నడిబొడ్డున, మొజంజాహి మార్కెట్టు ప్రాంతమున జరిగెడిది. నగరము పెరిగి లాఱీలు దూరుటకు త్రోవలేక అది గడ్డిఅన్నారమునకు వచ్చినది. అప్పుడది ఊరి చివర. మఱల నగరము పెరిగి దానిని చుట్టుముట్టినది. 2021లో ఆ సంతను మూసి, వ్యాపారుల అభ్యంతరములు, కోర్టు వ్యవహారములు గడచిన పిమ్మట, మా బాటసింగారములోని లాజిస్టిక్ పార్కునకు తాత్కాలికముగా తరలించిరి. శాశ్వతపు సంతకు కోహెడను నిర్ణయించిరి. గడ్డిఅన్నారపు స్థలమును ఆసుపత్రికి కేటాయించిరి.

మా ఊరివారికి ఇది లాఱీల దుమ్ము; మా పాలమనిషికి చాయదుకాణపు గిరాకి; మా బావగారికి భూముల ధర. ఆ పిల్లకు మాత్రము ఇది పాఠము. ఆ వేసవిలో ఆమె ఉదయమున మావారితోకూడ పోయి లాఱీల నంబరు పలకలు వ్రాసికొని వచ్చెడిది. మామిడి జగిత్యాల, కొల్లాపురము వైపులనుండియు, బత్తాయి నల్లగొండ నుండియు, ద్రాక్ష మహారాష్ట్రము నుండియు, ఆపిలు కాశ్మీరము నుండియు వచ్చును. ఇంటికి వచ్చి ఒక కాగితముపై మా ఊరిని నడుమ చుక్కగా పెట్టి, సరకు వచ్చు దిక్కులకు గీతలు గీచి, లాఱీలెన్నియో అంత లావుగా ఆ గీతను దిద్దినది. అది చూచి నాకు ఆశ్చర్యము వేసినది. ఇదివఱకు నేను చూచినది బండ్ల రద్దీ. ఈ కాగితముపై కనబడినది సంత చేయి చాచి దేశమంతటినుండి పండ్లు తెచ్చుకొను తీరు. 158 కిలోమీటర్ల బయటి వలయ రహదారి పెద్ద అంబర్‌పేట వద్ద మా రాజమార్గమును కలియుటయే సంత ఇటువైపు వచ్చుటకు ఒక ముఖ్య కారణమని పటము చూచిన నాకే తెలిసినది. నగరపు గర్భములోనికి పోకుండ ఏ దిక్కుననుండి వచ్చిన లాఱీయైనను ఇటకు చేరగలదు.

జర్మనీ దేశమున ఫాన్ థ్యూనెన్ అను భూస్వామి 1826లో ప్రకటించిన గ్రంథమున, నగరమునకు ఎంత దూరమున ఏ పంట వేయుట లాభమో లెక్కలు కట్టి చెప్పినాడట. త్వరగా చెడిపోవు పాలు, కూరలు నగరమునకు దగ్గఱగాను, నిలువయుండు ధాన్యము దూరముగాను ఉండునని ఆయన వాదము. అప్పటికి రైళ్ళు లేవు, మంచుపెట్టెలు లేవు. ఇప్పుడు కాశ్మీరపు ఆపిలు మా గుమ్మములోనికి వచ్చుచున్నది గాని, మా ప్రక్కననున్న ఆకుకూరల మడి ప్లాట్లుగా కోయబడుచున్నది. ఆ దొరగారి లెక్క తలక్రిందులైనదా, లేక భూమి ధరయే అన్నిటికంటె లాభమైన పంటయైనదా? దీనిని గూర్చి మావారును ఆ పిల్లయు రెండు రాత్రులు వాదించుకొనిరి. నాకు నిద్ర వచ్చి లోపలికి పోయితిని.

ఇక ప్లాటు సంగతి. మా బావగారు దిల్‌సుఖ్‌నగరులో అద్దె యింట నున్నారు. ఇరువదేండ్లుగా కూడబెట్టిన సొమ్ముతో మా ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరమున ఒక వెంచరులో ప్లాటు చూచుకొనిరి. మధ్యవర్తి మంచి మాటకారి. చదునైన నేల, ఈశాన్యమున వాలు, వాస్తు దివ్యముగా నున్నదని చెప్పెను. బయానా ఇచ్చుటకు ముందునాడు మమ్మందఱిని తీసికొనిపోయి చూపించిరి. నేల నల్లగా, మెత్తగా నున్నది. చుట్టుప్రక్కల తుమ్మచెట్లు. నాకు అది ఆహ్లాదముగనే తోచినది. మా బావగారి కూతురు మాత్రము చెప్పులు విడిచి మట్టి చేతిలోనికి తీసికొని చూచి, "ఇక్కడి గుట్టలన్నియు ఎఱ్ఱమట్టి, ఇసుకమట్టి. ఈ నల్లమట్టి ఎట్లు వచ్చినది, నాన్నగారూ?" అనెను.

ఇంటికి వచ్చిన తరువాత మావారి పెట్టెలోనుండి ఒక పాత పటము తీసిరి. అంగుళమునకు మైలు చొప్పున గీచిన నాటి పటము, మడతలు చినిగినది. ఆ తావున ఒక కట్ట, కట్టకు ఎగువన నీలిరంగు. ప్లాటు సరిగా ఆ నీలిలో లేదు. నీలికి ఎగువన, చెఱువులోనికి నీరు తెచ్చు వాగు గీతపై నున్నది. సెల్‌ఫోనులో ఉపగ్రహ చిత్రము తెఱచి చూడగా వాగు కనబడలేదు. రోడ్లు, రాళ్ళు పాతిన హద్దులు కనబడినవి. వాగు పోయి ఎక్కడ దాగినది?

బావగారికి కోపము వచ్చినది. అది న్యాయమైన కోపమే. అనుమతులున్నవని కాగితములు చూపిరి. ఇరువదేండ్ల కష్టార్జితమును పదునెనిమిదేండ్ల పిల్ల ఒక చినిగిన కాగితము చూపి కాదనుట ఏ తండ్రికి సహించును? నేను కలుగజేసికొని, "బావగారూ, మీరు పిల్ల మాట వినవద్దు. నీటి మాట వినుడు. 2020 అక్టోబరు మఱచితిరా?" అంటిని. ఆ యేట అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానకు సరూర్‌నగరు చెఱువు దిగువ కాలనీలలో ఇండ్లు మునిగినవి. వారి యింటిలోనికిని మోకాలిబంటి నీరు వచ్చి బియ్యపు డబ్బాలు తేలినవి. మూడు దినములు మా యింటనే తలదాచుకొనిరి. ఆ నీరు వారి యింటిని వెదకికొని రాలేదు. తాను పూర్వము నడచిన బాటనే నడచినది. ఆ బాటపై వారి వీధి యున్నది.

తెలంగాణపు నేల స్వభావమే అట్టిది. అడుగున గట్టిరాయి. వాన నీరు లోనికి తొందరగా ఇంకదు. కావుననే మన పూర్వులు పల్లమునకొక కట్ట వేసి, ఒక చెఱువు నిండి పొరలిన నీరు క్రింది చెఱువునకు చేరునట్లు గొలుసుగా కట్టిరి. కాకతీయుల కాలమునుండియు ఇదే పద్ధతి. గొలుసులో ఒక కడియము తెగినచో నీరు ఊరక పోదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదున వేలకొలది జనులను బలిగొన్నది. పిమ్మట నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన సలహాపై వరద నాపుటకు పైన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. అనంతగిరి కొండలలో పుట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలియు ఆ చిన్న యేఱు అంత పని చేయగలదని పటము చూడనివారు నమ్మజాలరు. 2024లో హైడ్రా అను సంస్థ ఏర్పడి, చెఱువుల పూర్తి నీటిమట్టపు హద్దులలోని కొన్ని కట్టడములను పడగొట్టినప్పుడు పత్రికలలో ఏడ్చుచున్న గృహిణుల చిత్రములు చూచితిమి. అందులో పలువురు తెలిసి చేసినవారు కారు. కాగితము చూచి కొన్నారు గాని పటము చూడలేదు.

బావగారు బయానా వాయిదా వేసి రెవెన్యూ కార్యాలయమునకు మూడుసార్లు తిరిగిరి. శిఖము భూమి కాదని ఒకరు, హద్దు తేలవలెనని మఱియొకరు చెప్పిరి. చివరకు ఆయన ఆ ప్లాటు కొనలేదు. దానిని వేఱొకరు కొనిరి. అందులో ఇప్పుడు రెండంతస్తుల యిల్లు లేచుచున్నది. ఈ రెండేండ్లలో అక్కడికి నీరు రాలేదు. ధర మాత్రము పెరిగినది. ఆ సంగతి బావగారు అప్పుడప్పుడు భోజనమువేళ జ్ఞాపకము చేయుదురు. ఆ పిల్ల తల వంచుకొని తినును. ఎవరి మాట నిజమో చెప్పుటకు ఇంకను ఒక పెద్దవాన రావలెను. రాకుండుగాక అని నేను కోరుకొందును, ఏలయన ఆ యింటివారికిని పిల్లలున్నారు.

అయినను ఆ వేసవిలోనే బావగారు దోస్తు దరఖాస్తులో ఆమె కోరిన పాఠ్యవిషయమునకు సంతకము పెట్టిరి. ఏమి తలంచి పెట్టిరో నాకు తెలియదు. తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు 2016 నుండి ఈ దోస్తు అను పద్ధతి ద్వారా జరుగుచున్నవి. ఇక్కడ మన సోదరీమణులకు ఒక హెచ్చరిక. భూగోళశాస్త్రము ప్రతి కళాశాలలోను ఉండదు. ఆమె మొదట కోరిన ఒక కళాశాలలో ఆ విషయము జాబితాలో నున్నది గాని, చేరినవారు చాలలేదని తరగతి నడపలేదు. పదిదినములు ఏడ్చి రెండవ విడతలో వేఱొక చోట చేరవలసివచ్చినది. కావున జాబితా చూచి నమ్మక, స్వయముగా పోయి అధ్యాపకులున్నారా, పటముల గది యున్నదా, కంప్యూటరులు పనిచేయుచున్నవా, క్షేత్రపరిశీలనకు తీసికొనిపోవుదురా అని అడిగి తెలిసికొనవలెను.

క్షేత్రపరిశీలన యనగా ఊళ్ళకు, కొండలకు, ఏటి యొడ్డులకు పోయి కంటితో చూచి కొలిచి వ్రాసికొని వచ్చుట. అది లేని భూగోళశాస్త్రము వంటచేయక పాకశాస్త్రము చదివినట్లు. ఇక్కడ మా తోడికోడలు అడ్డుపడినది. "పరాయి ఊరిలో నాలుగు రాత్రులా, చెల్లీ?" అని నన్నడిగినది. ఆమె భయమును నేను తేలికచేయను. బస ఎక్కడ, తోడు ఎవరు, అధ్యాపకురాలు వచ్చునా అని తెలిసికొని పంపుట తల్లి ధర్మము. కాని ఈ భయమును అడ్డుపెట్టుకొని స్త్రీలను ఈ విద్యకు దూరముగా నుంచినవారు మన తల్లులు మాత్రమే కారు.

లండనులోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీవారు 1892-93లో 22 మంది స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనిరి. వారిలో ఇసబెల్లా బర్డ్ ఆసియాఖండమున ఎన్నో దుర్గమప్రదేశములు తిరిగినది. అంతలో సభలో కలహము పుట్టి, ఇక స్త్రీలను చేర్చుకొనరాదని నిలిపివేసిరి. అడ్డుపడినవారిలో ముఖ్యుడు, పిమ్మట మన దేశమునకు వైస్రాయిగా వచ్చిన కర్జను. మఱల 1913లో గాని తలుపు తెఱువబడలేదు. విచిత్రమేమనగా, అప్పుడు ఆ సభకు అధ్యక్షుడై తలుపు తెఱపించినవాడును ఆ కర్జనే.

ఇంకొక కథ నా మనసును విడువదు. అమెరికాలో మేరీ థార్ప్ అను యువతి 1952 ప్రాంతమున సముద్రపు లోతులను లెక్కించి పటములు గీయుచుండెను. ఓడ యెక్కుటకు ఆడువారికి అనుమతి లేదు. మగవారు ఓడలో పోయి కొలిచిన అంకెలను తెచ్చి యిచ్చుచుండగా, ఈమె బల్లయొద్ద కూర్చుండి ఒక్కొక్క చుక్క పెట్టినది. అట్లాంటిక్ మహాసముద్రపు నడుమ పర్వతశ్రేణిలో నిడుపాటి లోయ యొకటి ఉన్నట్లు ఆమెకు కనబడినది. సముద్రపు నేల చీలి తొలగుచున్నదని దాని అర్థము. తోడి శాస్త్రజ్ఞుడు బ్రూస్ హీజెన్ అవి ఆడవారి మాటలని మొదట త్రోసివేసెను. తరువాత భూకంపములు పుట్టు తావులను పటముపై గుర్తించి చూడగా అవి ఆ లోయ వెంబడినే వరుసగా నుండెను. 1977లో వారిద్దఱి పేర వెలువడిన ప్రపంచ సముద్రగర్భ పటము నేడు బడిపుస్తకములలోని చిత్రములకు మూలము. ఇల్లు కదలనీయని స్త్రీ సముద్రపు అడుగును చూచినది.

మా తోడికోడలికి ఈ కథ చెప్పితిని. "ఆమెకు పెండ్లయినదా?" అని అడిగినది. ఒకమారు అయి విడిపోయినదని చెప్పుటకు నోరు రాక మాట మార్చితిని.

జీతపు మాట తప్పించుకొనరాదు. బావగారి ప్రశ్న సరియైన ప్రశ్నయే. బి.ఏ. పట్టము చేత పట్టుకొని బయటికి వచ్చినవెంటనే ఇంజనీరుకు వచ్చునంత జీతము రాదు. వచ్చునని చెప్పువారిని నమ్మవలదు. కాని త్రోవలు లేకపోలేదు. బి.ఇడి. చేసినచో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయినిగా పోవచ్చును. పైచదువు చదివి, కంప్యూటరు పటవిద్యయు, ఉపగ్రహ చిత్రములు చదువు విద్యయు గట్టిగా నేర్చినవారికి నగర ప్రణాళికలలోను, సాగునీటి పనులలోను, వ్యవసాయ, విపత్తు నివారణ శాఖలలోను, పటములు తయారుచేయు ప్రైవేటు సంస్థలలోను పని కలదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు పటములు తయారుచేయుటపై నున్న పాత నిర్బంధములను భారతీయ సంస్థలకు సడలించిరి. 2022లో దీనికొక జాతీయ విధానమును ప్రకటించిరి. అప్పటినుండి ఈ విద్యకు గిరాకి పెరుగునని తెలిసినవారు చెప్పుచున్నారు.

ఒక వింత చెప్పెదను. దిల్‌సుఖ్‌నగరులో మా బావగారి వీధి మలుపు తిరిగినచో కోచింగు సెంటర్ల బోర్డులు ఆకాశమును కప్పియుండును. అందు గ్రూపు పరీక్షలకు, సివిల్ సర్వీసులకు తయారుచేయువారు బోధించు ముఖ్యవిషయములలో ఒకటి భూగోళశాస్త్రము. కళాశాలలో అల్పరుసుముతో మూడేండ్లు చదువుటకు ఇష్టపడని పిల్లలు, పట్టము చేతికి వచ్చిన తరువాత వేలకు వేలు పోసి ఆఱు నెలలలో దానినే గుటుక్కున మ్రింగజూచుచున్నారు. అజీర్ణము చేయదా?

మఱియొక విశేషము. భూమిని శోధించు విద్యకు మన నగరము పుట్టినిల్లువంటిది. దేశమంతటిని త్రిభుజములుగా కొలిచిన మహాసర్వేలో లాంబ్టన్ దొర 1815లో బీదరు వద్ద ఆధారరేఖను కొలిపించినాడు. హిమాలయ శిఖరమునకు ఎవరి పేరు పెట్టిరో ఆ ఎవరెస్టు దొర 1818లో ఉద్యోగములో చేరుటకు వచ్చినది హైదరాబాదునకే. మఱుసటి యేట కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు చేయుచు పరివారముతోకూడ జ్వరమునపడి చావుతప్పి బయటపడినాడు. నేడు ఉప్పలులో సర్వే శాఖవారి శిక్షణాలయము, దానికి దాపున 1961లో స్థాపింపబడిన భూభౌతిక పరిశోధనాలయము, బండ్లగూడలో భూగర్భ సర్వేవారి శిక్షణాలయము ఉన్నవి. ఇవి మూడును మా తూర్పువైపుననే. బాలానగరులోని రిమోట్ సెన్సింగు కేంద్రమువారికి షాద్‌నగరు వద్ద ఉపగ్రహముల సంకేతములు అందుకొను స్థావరము కలదు. ఇస్రోవారు 2009లో అందఱికిని అందుబాటులోనికి తెచ్చిన పటముల జాలమునకు 'భువన్' అని పేరు. పురాణములలోని భువనకోశమును చదివిన నాకు ఆ పేరు వినగానే చుట్టము ఇంటికి వచ్చినట్లయినది. మన యింటి కప్పును కూడ అందులో చూడవచ్చును.

ఇప్పుడా పిల్ల రెండవ సంవత్సరము చదువుచున్నది. మొదటి యేట గణాంకములలో మార్కులు తక్కువ వచ్చినవి. పటములు గీయుటలో తరగతికి మొదటిది. సెలవులకు వచ్చినప్పుడు మా పిల్లలిద్దఱిని వెంటబెట్టుకొని గుట్టలెక్కి, ఎండలో నల్లబడి దిగివచ్చును. వాళ్ళమ్మ సున్నిపిండి పట్టుకొని కూర్చుండును. పురోహితులవారు మొన్న శ్రావణమున వచ్చి, సంకల్పము చెప్పించుచు శ్రీశైలమువద్ద ఆగి మా వైపు చూచి, ఉత్తరమని చెప్పించిరి.

గత నెలలో ఆమె నాకొక పని పెట్టినది. మా దొడ్డిలోని బావిలో నీటిమట్టము వారమువారము కొలిచి వ్రాయవలెనట. ఊరిలో మిగిలిన పాతబావులు నాలుగైదు. వానిలో నీరు ఎప్పుడు లేచును, సంతకు, వెంచర్లకు త్రవ్విన బోర్లు నడచినప్పుడు ఎంత దిగును అని ఆమె వ్యాసమునకు కావలెను. నేను పంచాంగపు వెనుక పుటలలో తిథి వ్రాసి, ప్రక్కన కొలత వ్రాయుచున్నాను. త్రాడునకు రాయి కట్టి దింపి, తడిసిన గుర్తువఱకు మావారి టేపుతో కొలుతును. మొదటి వారము 8 మీటర్ల 40 సెంటీమీటర్లు. రెండవ వారము 8 మీటర్ల 55. నిన్న శుక్రవారము ఊరిలో వాన పడినది గాని త్రాడు 8 మీటర్ల 60 చూపినది. నేను తప్పుగా కొలిచితినేమో యని మఱల దింపితిని. అదే గుర్తు. రాత్రి ఫోనులో చెప్పగా ఆ పిల్ల, "తప్పు కాదు చిన్నమ్మా, అట్లే వ్రాయి. వచ్చే శుక్రవారము కూడ అదే వేళకు కొలువు" అనెను.